మోయగలిగిన బరువునే ఎంచుకుందాం

గత ఏడాది చలికాలంలో ఒకనాడు ఫజ్ర్ నమాజు వేళ మా అమ్మీ సజ్దా నుండి లేవలేక గోడను ఆసరా చేసుకోవడం మేము చూశాము. కొంతకాలంగా ఆమె జానమాజ్‌ను గోడ పక్కనే పరచుకుంటున్నారు. అది అలవాటు అనుకున్నామే కాని అవసరం అనుకోలేదు. ఆ రోజు మాత్రం రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి అరచేతిని గోడకు ఆనించి నెమ్మదిగా లేచారు. మా ముఖాలు చూసి, "దీనికంత ఆలోచన ఎందుకు? రేపటి నుండి కుర్చీ వేసుకుంటాను" అని తేలికగా అన్నారు. ఆమె వయస్సు అప్పటికి 62 సంవత్సరాలు.

కుర్చీ వేసుకోవడంలో తప్పేమీ లేదు. శక్తి లేనివారికి ఆ సౌలభ్యం ఉంది. కాని శక్తి నిజంగా పోయిందా, లేక మనమే పోనిచ్చామా అన్న ప్రశ్న మమ్మల్ని వదలలేదు. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. ఆయన పరీక్షించి, "మోకాళ్ళ అరుగుదల కొద్దిగానే ఉంది. అసలు బలహీనపడినవి తొడ కండరాలు. నడక ఒక్కటే చాలదమ్మా, కొద్దిపాటి బరువులతో వ్యాయామం చేయాలి" అన్నారు. 62 ఏళ్ళ ఇల్లాలికి బరువులా అని మేము విస్తుపోయాము.

విచిత్రమేమంటే బరువులు మా ఇంట్లోనే ఉన్నాయి. మా చిన్న తమ్ముడు ఇంటర్ చదివే రోజుల్లో ముచ్చటపడి కొన్న 50 కిలోల సెట్టు మంచం కింద తుప్పు పడుతోంది. బయటకు లాగి చూశాము. ప్లేట్లేవీ ఎక్కించని ఉత్త రాడ్డునే అమ్మీ ఛాతీ వరకు తేలేకపోయారు. తమ్ముడు కూడా దానిని రెండు నెలలకు మించి వాడలేదు. ఇంట్లో ఒకరికి మోయలేనంత బరువై, మరొకరికి విసుగు పుట్టించిన ఆ ఇనుము ఎవరికీ ఉపయోగపడలేదు. అప్పుడు గాని మాకు అర్థం కాలేదు: వ్యాయామానికి బరువు కొనడం తేలికే, తగిన బరువు ఎంచుకోవడమే కష్టం. ఆ ఎంపిక గురించి మేము తెలుసుకున్నది పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

గాదె ఖాళీ అవుతున్న సంగతి

మన కండరాలు ధాన్యపు గాదె వంటివి. యౌవనంలో నిండుతాయి. ముప్పై ఏళ్ళు దాటాక తిరిగి నింపుకోకపోతే ఏటేటా కొంచెం కొంచెంగా తరిగిపోతూ ఉంటాయి. అరవై దాటాక ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. ఈ స్థితికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 'సార్కోపీనియా' అని పేరు సూచించారు. కండ కరిగిపోవడం అని ఆ గ్రీకు మాటల భావం. స్త్రీలలో బహిష్టులు ఆగిన తరువాత ఎముకల సాంద్రత కూడా త్వరత్వరగా తగ్గుతుంది. కండ తగ్గి తూలిపడటం, ఎముక పెళుసై విరగడం ఈ రెండూ కలిసినప్పుడే తుంటి విరిగి మంచాన పడే పరిస్థితి దాపురిస్తుంది.

బరువును ఎత్తినప్పుడు కండరం ఎముకను లాగుతుంది. ఆ లాగుడుకు బదులుగా శరీరం ఎముకను గట్టిపరచుకుంటుంది. భోజనం తరువాత రక్తంలో చేరే చక్కెరలో అధిక భాగాన్ని పీల్చుకునేది కూడా కండరాలే. కనుక మధుమేహం ఉన్న ఇంట్లో కండబలం అందం కోసం కాదు, ఆరోగ్యం కోసమే.

వయస్సు మళ్ళిన తరువాత ఇదంతా సాధ్యమేనా అన్న సందేహం మాకూ కలిగింది. దానికి సమాధానం 1990లోనే వచ్చింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఒక వృద్ధుల సంరక్షణాలయంలో 10 మంది చేత 8 వారాల పాటు బరువులతో కాళ్ళ వ్యాయామం చేయించారు. వారి సగటు వయస్సు 90 సంవత్సరాలు. వ్యాయామాన్ని పూర్తి చేసిన వారిలో తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్రను వదలి నడవగలిగారు. తొంభైలో సాధ్యమైనది అరవైలో అసాధ్యమని ఎలా అనగలం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు పెద్దలందరూ వారానికి కనీసం 2 రోజులు ప్రధాన కండరాలన్నింటికీ బలం చేకూర్చే వ్యాయామం చేయాలని సూచిస్తున్నాయి. 65 ఏళ్ళు దాటినవారు బలంతో పాటు శరీర సమతూకాన్ని కూడా పెంచే వ్యాయామాలను వారానికి 3 రోజులు చేయాలన్నది అందులోని మరొక సూచన.

"మా ఆడవాళ్ళు పొద్దస్తమానం ఇంటి పనే చేస్తారు, ఇంకా వ్యాయామం దేనికి?" అనేవారు ఉన్నారు. ఒక తరం క్రితం ఆ మాట చాలావరకు నిజమే. బావిలో నీళ్ళు చేదడం, నిండు బిందె చంకనెత్తడం, రోట్లో దంచడం, తిరగలి తిప్పడం ఇవన్నీ పేరు పెట్టని బరువుల వ్యాయామాలే. మోటారు, మిక్సీ వచ్చి ఆ శ్రమను తగ్గించాయి. మంచిదే. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. కాని శ్రమతో పాటు బలం కూడా ఇంటి నుండి వెళ్ళిపోయింది. ఇప్పుడు మిగిలిన పనిలో అలసట ఉంది, కండకు సవాలు లేదు.

బండి ఇరుసు నేర్పని పాఠం

బరువు ఎత్తడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. మన పల్లెల్లో యువకులు రాతి గుండును, ఎద్దుల బండి ఇరుసును ఎత్తి తమ బలాన్ని పరీక్షించుకునేవారు. హైదరాబాదు పాతబస్తీ తాలీంఖానాలలో పహిల్వాన్లు ముగ్దర్లు తిప్పారు. కాని వీటన్నింటికీ ఒక పరిమితి ఉంది. గుండు బరువు గుండుదే. ఎత్తగలిగినవాడు వీరుడు, ఎత్తలేనివాడు ప్రేక్షకుడు. ఎత్తలేనివాడిని ఎత్తగలిగేలా చేసే మెట్లు అందులో లేవు.

ప్లేట్లు ఎక్కించి దించగల బార్‌బెల్ ఆ మెట్లను సమకూర్చింది. దానిని చికిత్సగా మలచిన ఘనత థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యునికి దక్కుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో, మోకాళ్ళు దెబ్బతిన్న సైనికుల చేత ఆయన క్రమక్రమంగా పెంచే బరువులతో వ్యాయామం చేయించారు. 1945లో ఆ అనుభవాన్ని వైద్య పత్రికలో ప్రకటించారు. నేటి ఫిజియోథెరపీలో బరువులకు ఉన్న స్థానానికి ఆయన కృషి ఒక పునాది. ఈ రోజు మోయగలిగినది మోయి, రేపు దానికి కొంచెం కలుపు అన్నదే ఆ పద్ధతి సారాంశం.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించిన కరణం మల్లీశ్వరి మనందరికీ తెలుసు. ఒలింపిక్స్‌లో పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. అంతటి బలశాలులు పాల్గొనే అంతర్జాతీయ పోటీలలో కూడా అందరికీ ఒకే రాడ్డు ఉండదు. పురుషుల రాడ్డు బరువు 20 కిలోలు, పట్టు మందం 28 మిల్లీమీటర్లు. స్త్రీల రాడ్డు 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. ప్రపంచ విజేతలకే చేతికి తగిన కడ్డీ ఇస్తుంటే, ఇంట్లో అమ్మీకీ తమ్ముడికీ ఒకే సెట్టు సరిపోవాలని మేము ఆశించడం ఎంత పొరపాటో ఆలోచించండి.

దుకాణంలో దొరికే మూడు రకాలు

మొదటిది స్థిరమైన బరువు గల కడ్డీ. సుమారు నాలుగు అడుగుల పొడవున, పైన రబ్బరు లేదా ఫోమ్ తొడుగుతో, రెండు కొనలకు మూతలతో ఉంటుంది. ఎక్కువగా 2 కిలోల నుండి 10 కిలోల వరకు దొరుకుతుంది. ఎక్కించేవీ దించేవీ ఏమీ ఉండవు కాబట్టి జారిపడే భాగాలూ ఉండవు. నేలకు తగిలినా చప్పుడు తక్కువ. వృద్ధులకు, తొలిసారి మొదలుపెట్టేవారికి, శస్త్రచికిత్స తరువాత వైద్యుని అనుమతితో కోలుకుంటున్నవారికి ఇది అనువైనది. దీనిలోని లోపం కూడా స్థిరత్వమే. 2 కిలోలది తేలికైతే 4 కిలోలది వేరుగా కొనవలసిందే.

రెండవది ప్లేట్లు ఎక్కించే ఇంటి రాడ్డు. మూడడుగులు, నాలుగడుగులు, ఐదడుగుల పొడవుల్లో దొరుకుతుంది. పొడవును బట్టి, బోలుదా గట్టిదా అన్నదాన్ని బట్టి ఉత్త రాడ్డు బరువే కొన్ని కిలోలు ఉంటుంది. వంకరలు తిరిగిన కర్ల్ రాడ్డు మణికట్టు నొప్పి ఉన్నవారికి మోచేతి వ్యాయామంలో కొంత ఉపశమనం ఇస్తుంది. కాని ఇంటిల్లిపాదీ వాడుకోవడానికి నిటారు రాడ్డే మేలు. ఇద్దరు ముగ్గురు వేర్వేరు బలాలవారు చేసే ఇంటికి ఈ రకమే లాభసాటి.

మూడవది ఏడడుగుల ఒలింపిక్ రాడ్డు. దాని ప్లేట్లు ఎక్కే కొనల మందం 50 మిల్లీమీటర్లు. ఇంటి రాడ్డు ప్లేట్లు దీనికి ఎక్కవు, దీని ప్లేట్లు ఇంటి రాడ్డుకు బిగువుగా నిలవవు. దీనికి స్టాండు, విశాలమైన గది, నేర్పేవారు అవసరం. సాధారణ గృహానికి ఇది అనవసరమని మా అభిప్రాయం.

డంబెల్స్ చాలవా అని అడగవచ్చు. చాలు. అయితే కొత్తవారికి రెండు చేతులతో ఒకే కడ్డీని పట్టుకోవడం ఎక్కువ నిలకడనిస్తుంది. బలమైన చేయి బలహీనమైన చేతికి తోడు నిలుస్తుంది. అదే తోడు ఒక్కోసారి బలహీనతను దాచిపెడుతుంది కూడా. పక్షవాతం వంటి కారణాల వల్ల ఒక పక్క మాత్రమే బలహీనంగా ఉన్నవారు ఫిజియోథెరపిస్టు సలహాతోనే ఏది వాడాలో నిర్ణయించుకోవాలి.

ఎంత బరువు?

ఈ ప్రశ్నకు వయస్సును బట్టి గాని, శరీరం బరువును బట్టి గాని ఒక అంకె చెప్పడం సరికాదు. చెప్పగలిగినది పరీక్ష మాత్రమే. కడ్డీని పట్టుకుని ఒక వ్యాయామాన్ని నిదానంగా, వంకర పోకుండా చేయండి. 8 సార్లు చేసే లోపే భంగిమ చెదిరితే ఆ బరువు ఎక్కువ. 15 సార్లు చేసిన తరువాత కూడా మాట్లాడుతూ చేయగలిగితే అది తక్కువ. 8 నుండి 12 సార్లు చేసి, ఇంకా ఒకటి రెండు సార్లు చేయగలిగే ఓపిక మిగిలి ఉంటే అదే మీ బరువు. పూర్తిగా చేతులెత్తేసే వరకు చేయవలసిన పని లేదు.

ఒకే మనిషిలో కూడా అన్ని కండరాలూ సమానం కావు. తలపైకి ఎత్తడానికి 4 కిలోలు భారమైన వ్యక్తికి, కుర్చీ నుండి లేచే వ్యాయామంలో అదే 4 కిలోలు తేలికగా అనిపించవచ్చు. అందుచేత కొనేటప్పుడు భుజాల బలాన్ని కొలమానంగా తీసుకోవాలి. కాళ్ళకు ఆ బరువు చాలకపోతే, కిందికి దిగేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ నిదానించడం ద్వారా అదే కడ్డీని బరువెక్కించవచ్చు.

ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటి ఉంది. కొనేవారు సెట్టు మొత్తం ఎన్ని కిలోలని అడుగుతారు. నిజానికి అడగవలసినది, ఒక మెట్టుకూ తరువాతి మెట్టుకూ తేడా ఎంత అని. 4 కిలోల కడ్డీ నుండి 6 కిలోల కడ్డీకి మారడం అంటే పెరిగింది 2 కిలోలే, కాని భారం 50 శాతం పెరిగినట్లు. 20 కిలోలు ఎత్తేవారికి అదే 2 కిలోలు 10 శాతం మాత్రమే. బరువును ఒక్కసారి 2 నుండి 10 శాతానికి మించి పెంచకూడదన్నది వ్యాయామ వైద్య నిపుణులు సాధారణంగా ఇచ్చే సలహా. అంటే బలం తక్కువగా ఉన్నవారికే మెట్లు చిన్నవిగా ఉండాలి. బజారులో జరిగేది దీనికి విరుద్ధం. 5 కిలోల ప్లేట్లు నాలుగు ఇస్తారు, 1 కిలో ప్లేట్లు అడిగితే గాని ఇవ్వరు.

కనుక ప్లేట్ల సెట్టు కొనేవారు 1 కిలో ప్లేట్లు కనీసం రెండు జతలు అడిగి తీసుకోవాలి. అంతకంటే చిన్నవి దొరికితే ఇంకా మంచిది. చిన్న మెట్టు దొరకనప్పుడు మరో ఉపాయం ఉంది. బరువును అలాగే ఉంచి, 8 సార్లు చేసేది 9 సార్లు, 10 సార్లు, అలా 12 వరకు పెంచుకుంటూ పోవాలి. వరుసగా రెండు రోజులు 12 సార్లు చేయగలిగినప్పుడు మాత్రమే పై బరువుకు వెళ్ళి, మళ్ళీ తక్కువసార్లతో మొదలుపెట్టాలి.

మా అమ్మీ విషయంలో మొదటి రెండు వారాలు ఇనుమే వాడలేదు. దుప్పట్లు ఆరేసే కర్రతోనే కదలికలు నేర్చుకున్నారు. తరువాత 2 కిలోల కడ్డీ కొన్నాము. దానిని చూసి తమ్ముడు నవ్వాడు. పదకొండోసారి తలపైకి ఎత్తేటప్పుడు ఆమె చేతులు వణకడం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

కొనే ముందు చేతితో చూడవలసినవి

బొమ్మ చూసి ఇంటికి తెప్పించుకోవడం కంటే, వీలైతే దుకాణానికి వెళ్ళి పట్టుకుని చూడటం మేలు. ముందుగా పట్టు. కడ్డీ చుట్టూ పిడికిలి బిగిస్తే బొటనవేలు చూపుడువేలి గోటిని దాటి ఆనాలి. అందకపోతే అది ఆ చేతికి లావు. ఫోమ్ తొడుగు వల్ల మందం పెరుగుతుంది. చిన్న చేతులవారు, కీళ్ళవాతం వల్ల వేళ్ళు సరిగా ముడవలేనివారు ఈ సంగతి తప్పక చూసుకోవాలి. ఇనుప రాడ్డు పట్టుపై సన్నని గరుకు గీతలు ఉండాలి. నున్నగా ఉంటే చెమటకు జారుతుంది, మరీ పదునుగా ఉంటే అరచేయి చీరుకుపోతుంది.

రాడ్డును చదునైన నేలపై దొర్లించండి. ఎగిరెగిరి పడుతూ దొర్లితే వంకర ఉన్నట్లు. మధ్యభాగాన్ని రెండు వేళ్ళపై నిలబెట్టి చూడండి. ఒకవైపు వాలిపోతే బరువు సమంగా లేదు. స్థిర కడ్డీనైతే చెవి దగ్గర ఊపండి. లోపల ఇసుక గాని రజను గాని కదిలిన చప్పుడు వస్తే, కొనల మూతలు తిప్పితే ఊడివస్తే దానిని తీసుకోకండి.

రాసి ఉన్న బరువును నమ్మి ఊరుకోకూడదు. '20 కిలోల సెట్టు' అన్నప్పుడు అందులో రాడ్డు బరువు కలిసి ఉందా లేదా అని అడగాలి. మేము తెచ్చుకున్న ప్లేట్లను వీధి చివరి కిరాణా దుకాణం కాటాపై తూచి చూస్తే, ఒకే బరువు అని రాసి ఉన్న రెండింటికీ మధ్య దాదాపు పావు కిలో తేడా వచ్చింది. చిన్న బరువులలో ఆ తేడా నడుమును ఒక పక్కకు లాగడానికి చాలు. తూచి సరిజోడు చేసుకోవాలి.

ప్లేట్లలో మూడు రకాలున్నాయి. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి చవక. అయితే పడితే పగులుతాయి, లావుగా ఉండి రాడ్డుపై ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. పోత ఇనుమువి చిన్నవిగా ఉండి తరాల పాటు నిలుస్తాయి, చప్పుడు మాత్రం ఎక్కువ. రబ్బరు పూత ఉన్నవి ఖరీదైనవి, నేలకూ ఇరుగుపొరుగుకూ మంచివి. అన్నింటికంటే ముఖ్యమైనది లాకు. మర తిప్పి బిగించే లాకు స్ప్రింగు క్లిప్పు కంటే ఇంటికి నమ్మకమైనది. ప్లేట్లు ఎక్కించి, లాకు బిగించి, రాడ్డును ఒకవైపుకు వాల్చి దుకాణంలోనే చూడండి. ప్లేటు అంగుళం జరిగినా ఆ లాకు వద్దు.

సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. వాడిన తరువాత చెమట తుడిచి, నెలకొకసారి కుట్టుమిషను నూనె పలుచగా రాస్తే సరిపోతుంది. మళ్ళీ పట్టుకునే ముందు నూనె జిడ్డు పొడిగుడ్డతో తుడిచివేయడం మరువకూడదు.

మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు

కొత్త కడ్డీ చూసి ఉత్సాహం కలిగిన తమ్ముడు తన పాత సెట్టును కూడా శుభ్రం చేసి మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ప్లేట్లు ఎక్కించిన రాడ్డును రెండు స్టూళ్ళపై ఆనించి, ఒక పక్క ప్లేట్లన్నీ తీసివేశాడు. రెండో పక్క భారానికి రాడ్డు త్రాసులా పైకి లేచి, స్టూలుతో సహా కింద పడింది. నాలుగేళ్ళ మా పాప కూర్చున్న చోటికీ ఆ ప్లేటు పడిన చోటికీ మధ్య దూరం జానెడు. దెబ్బ ఎవరికీ తగలలేదు. నేల పెంకు పగిలింది. ఆ పగులును మేము ఇంకా బాగుచేయించలేదు. చూసినప్పుడల్లా జాగ్రత్త గుర్తుకు రావడం మంచిదే అనుకున్నాము.

ఆ రోజు నుండి మా ఇంట్లో కొన్ని నియమాలు ఉన్నాయి. ప్లేట్లు తీసేటప్పుడు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. వ్యాయామం జరుగుతున్న గదిలో చిన్నపిల్లలు ఉండకూడదు. కడ్డీలను బీరువా మీద గాని, తలుపు వెనుక నిలబెట్టి గాని ఉంచకూడదు. నేలపైనే, గోడ మూలన, దొర్లకుండా రెండు చెక్కముక్కల మధ్య ఉంచాలి. తలపైకి ఎత్తే ముందు సీలింగు ఫ్యాను ఎక్కడుందో చూసుకోవాలి. ఐదడుగుల రాడ్డు కొనే ముందు గది వెడల్పు కొలుచుకోవాలి. దుపట్టా కొంగులు, పొడవాటి చేతుల అంచులు కడ్డీకి చుట్టుకోకుండా ముడివేసుకోవాలి. మేడపై ఉండేవారు కింద దళసరి రబ్బరు చాప పరచుకోవాలి. కింది ఇంటివారి నిద్ర కూడా మన బాధ్యతే.

బల్లపై వెల్లకిలా పడుకుని ఛాతీపై నుండి రాడ్డును ఎత్తే వ్యాయామం ఒంటరిగా చేయవద్దని యువకులకు ప్రత్యేకంగా చెబుతున్నాము. చేతులు అలసిపోతే రాడ్డు గొంతుపైకి దిగుతుంది. అదే వ్యాయామాన్ని తేలికైన బరువుతో నేలపై పడుకుని చేస్తే మోచేతులు నేలకు ఆనగానే కదలిక ఆగిపోతుంది. ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

మొదలుపెట్టే విధానం

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం, ఒక్కోసారి అరగంట చాలు. ముందు అయిదు నిమిషాలు ఇంట్లోనే నడిచి ఒళ్ళు వేడెక్కించుకోవాలి. తరువాత అయిదు కదలికలు. కడ్డీని ఛాతీకి ఆనించుకుని కుర్చీ నుండి లేచి కూర్చోవడం. మోకాళ్ళు కొద్దిగా వంచి, నడుము నిటారుగా ఉంచి, తుంటి దగ్గర వంగి లేవడం. అలా వంగి నిలిచి కడ్డీని పొట్ట వైపుకు లాగడం. నేలపై పడుకుని ఛాతీపై నుండి ఎత్తడం. నిలబడి గాని కూర్చుని గాని తలపైకి ఎత్తడం. ఒక్కోటి 8 నుండి 12 సార్లు. మొదటి నెల ఒక్కో విడత, తరువాత రెండు విడతలు.

ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు అమాంతం పెరుగుతుంది. అధిక రక్తపోటు, గుండె జబ్బు, మధుమేహం వల్ల కంటి నరాలు దెబ్బతినడం, హెర్నియా, ఇటీవలి శస్త్రచికిత్స ఇవి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు. ఎముకలు బాగా పెళుసుబారినవారు బరువుతో ముందుకు వంగడం, నడుము మెలితిప్పడం మానుకోవాలి. కండరం మర్నాడు కాస్త నొప్పిగా ఉండటం సహజం. కీలులో పొడిచినట్లు నొప్పి, ఛాతీలో బిగువు, కళ్ళు తిరగడం సహజం కాదు. వెంటనే ఆపి వైద్యుని సంప్రదించాలి.

రమజాన్ మాసంలో బరువు పెంచే ప్రయత్నం వద్దు. ఇఫ్తార్ తరువాత ఒంటికి నీరు పట్టి, ఆహారం కొంత అరిగాక, తేలికైన బరువుతో ఒక్క విడత చేస్తే అప్పటివరకు సంపాదించుకున్నది నిలుస్తుంది. కండకు పప్పులు, గుడ్లు, పాలు, చేపలు, మాంసం వంటి ఆహారం కూడా అవసరమే. మన ఇళ్ళలో వండినవారు చివర మిగిలినది తినే అలవాటు ఉంది. బలం ఎవరికి ఎక్కువ కావాలో ఆలోచించి వడ్డించుకుందాం.

గదిలో వెలుతురు, తలుపుకు గడియ, ఒక కడ్డీ, ఒక కుర్చీ ఉంటే చాలు, ఈ వ్యాయామశాల ఏ ఇంట్లోనైనా వెలుస్తుంది. వ్యాయామశాలకు వెళ్ళే వీలు, ఇష్టం లేని మన ఇంటి స్త్రీలకు ఇది చిన్న సౌకర్యం కాదు.

అమ్మీ ఇప్పుడు 4 కిలోల కడ్డీతో చేస్తున్నారు. 2 కిలోల నుండి అక్కడికి చేరడానికి నాలుగు నెలలు పట్టింది. మధ్యలో జ్వరం వచ్చి రెండు వారాలు ఆగారు. తిరిగి 2 కిలోలతోనే మొదలుపెట్టారు. అందుకు ఆమె చిన్నబోలేదు. ఆ పాత 2 కిలోల కడ్డీ ఇప్పుడు మా పెద్దఖాలా ఇంట్లో ఉంది. బాగా చలిగా ఉన్న ఉదయాల్లో అమ్మీ ఇప్పటికీ నిదానంగానే లేస్తారు. మోకాళ్ళ అరుగుదల ఎక్కడికీ పోలేదు. కాని జానమాజ్ మాత్రం గోడ పక్క నుండి గది మధ్యకు వచ్చింది. ఎవరూ జరపమని చెప్పలేదు. ఒకరోజు ఆమే జరిపి పరచుకున్నారు.

మీ ఇంట్లో ఎవరు గోడను పట్టుకుని లేస్తున్నారో ఈ వారం ఒకసారి గమనించండి. వారి చేతికి ఏ బరువు తగినదో వారి చేతనే ఎత్తించి తెలుసుకోండి. ఆ తరువాతే దుకాణానికి వెళ్ళండి.